పరిసరాలతో సహా హాజరు

సంపూర్ణ శిశు అవగాహనా కేంద్రం అధ్యక్షులు విశ్వంభరరావు గారు రాజధానిలో జరిగిన ఒక సదస్సుకు వెళ్లి, ఒక సంచీ, ఒక పెన్ను, ఒక వాక్యం పట్టుకుని తిరిగొచ్చారు. సంచీ ఇంట్లో కూరలకు పనికొచ్చింది. పెన్ను రాయలేదు. వాక్యం మాత్రం ఆఫీసు మొత్తాన్నీ పట్టుకుంది.

"ఆటిజం ఉన్న బిడ్డను ముక్కలు ముక్కలుగా చూడకూడదు. ఆ బిడ్డ ఇల్లు, వీధి, బడి, మనుషులు, అలవాట్లు అన్నిటితో కలిపి చూడాలి." ఇదీ ఆ వాక్యం. మాటకేం, బంగారంలాంటి మాట. సదస్సులో ఆ మాట చెప్పిన పెద్దావిడ ఉద్దేశం కూడా, కాస్త కుర్చీల్లోంచి లేచి వెళ్లి చూడండి నాయనా అనే. కాని ఆవిడ ఆ సంగతికి వచ్చేసరికి అవతల భోజనాలు వడ్డించారు. విశ్వంభరరావు గారు అప్పటికే లేచి వెళ్లిపోయారు.

అందుకని ఆయన ఆఫీసుకొచ్చి, తనకు వినపడినంత వరకు సర్క్యులర్ వేయించారు. ఇకపై ఏ బిడ్డనైనా పరిశీలనార్థం కేంద్రానికి తీసుకొచ్చేటప్పుడు, సదరు బిడ్డను పరిసరాలతో సహా హాజరుపరచవలెను.

ఈ సర్క్యులర్ మొదట పడింది పిండిమర కస్తూరి నెత్తిన.

కస్తూరిది అదే ఊళ్లో, కేంద్రం వెనక వీధి. మొగుడు అప్పలకొండ మర నడుపుతాడు, ఆవిడ తూకం చూసుకుంటుంది. వాళ్లకొక్కతే కూతురు, ధాత్రి. ఎనిమిదేళ్లుంటాయి. మాటలు తక్కువ, అవసరమైతేనే వాడుతుంది. పుస్తకం ఇస్తే ముందు వాసన చూస్తుంది, నచ్చితే చదువుతుంది. లెక్కలంటే ఇష్టం. కొత్తవాళ్ల మొహంకేసి చూడదు, వాళ్ల చేతులకేసి చూస్తుంది. రెండో తరగతి వరకు బళ్లో ఏ గొడవా లేదు. అప్పుడు బడికి ఒక దాత కరెంటు గంట బహూకరించాడు.

ఆ గంట బస్టాండు దాకా వినపడుతుందని హెడ్‌మిస్ట్రెస్ సువర్చల గారికి గర్వం. మొదటిసారి అది మోగినప్పుడు ధాత్రి చెవులు రెండూ గట్టిగా మూసుకుని, గేటు దాటి రోడ్డు మీదికి పరిగెత్తింది. పాలవ్యాను డ్రైవరు బ్రేకు వేశాడు కాబట్టి సరిపోయింది. కస్తూరికి ఆ బ్రేకు చప్పుడు ఇప్పటికీ కల్లోకి వస్తుంది.

"మేడం, గంట మానమని మేం అనటం లేదండి. మోగించే ముందు మా గుంటకి ఒక్క మాట చెప్పండి. చెప్తే ఓర్చుకుంటాది" అని కస్తూరి బతిమాలింది.

సువర్చల గారు చెడ్డమనిషి కాదు, భయస్తురాలు. "ఒక పిల్లకి చెప్పి గంట కొడితే రేపు అందరూ చెప్పమంటారు. నా అంతట నేను చెయ్యలేనమ్మా. కేంద్రం నుంచి కాగితం తే, చేస్తాను. సెలవులయ్యి బడి తెరిచేలోగా తేకపోతే టీసీ తీసుకో. మళ్లీ రోడ్డు మీద పడితే నేను జవాబు చెప్పుకోలేను."

అదీ కస్తూరికి కావలసింది. గంటకి ముందు ఒక్క మాట. ఆ ఒక్క మాట కోసం ఒక కాగితం. ఆ కాగితం కోసం ఆవిడ కూతురి చెయ్యి పట్టుకుని, వీధి మలుపు తిరిగి, కేంద్రం మెట్లెక్కింది.

విశ్వంభరరావు గారు ధాత్రిని చూశారు. ధాత్రి ఆయన చేతుల్ని చూసింది, తర్వాత కిటికీ పరదా వాసన చూసింది. పక్కనే ప్రవర్తనా నిపుణుడు సుధాంశు ట్యాబులో ఏదో నొక్కుకున్నాడు.

"పేరేమిటి పాపా?" అన్నారు అధ్యక్షులు.

ధాత్రి పలకలేదు. ఆయన మెడలో వేలాడుతున్న కార్డు మీద ఆయన పేరు, పెద్ద అక్షరాలతో, చదివింది.

"అది నా పేరు" అన్నారాయన నొచ్చుకుంటూ. తర్వాత కస్తూరి వైపు తిరిగారు. "చూడమ్మా, నువ్వు తెచ్చింది కేవలం బిడ్డని. బిడ్డ అనగా బిడ్డ మాత్రమే కాదు. పరిసరాలు లేని బిడ్డ అసంపూర్ణ బిడ్డ. అసంపూర్ణ బిడ్డను పరిశీలించి సంపూర్ణ నివేదిక ఎలా ఇవ్వమంటావు?"

"అయితే మా ఇంటికి రండి బాబూ. ఈ గోడ అవతలే. కిటికీ తీస్తే మా దండెం కనిపిస్తాది."

గదిలో అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. సూపరింటెండెంట్ పరంజ్యోతి గారు ఓపిగ్గా విడమర్చి చెప్పారు. "అమ్మా, కేంద్రం వారికి వాహనం ఉంది. అది అధ్యక్షుల వారిని ఇంటి నుంచి ఆఫీసుకు, ఆఫీసు నుంచి ఇంటికి తీసుకెళ్లడానికి మంజూరైంది. మూడో చోటు అందులో లేదు."

"నడిచొచ్చీయొచ్చు కదండీ."

"నడవడానికి అసలు మంజూరే లేదమ్మా" అన్నారు పరంజ్యోతి గారు జాలిగా.

కస్తూరికి నవ్వొచ్చింది, ఆపుకుంది. నవ్వితే కాగితం రాదేమోనని భయం. సరే బాబూ, తెస్తాం అని కూతుర్ని తీసుకుని వచ్చేసింది.

మర్నాడు అత్త నూకాలమ్మనీ, మొగుణ్నీ వెంటబెట్టుకుని వెళ్లింది. అత్తని చూసి సుధాంశు సంతోషించాడు. బామ్మ దగ్గర పిల్ల ఎలా ఉంటుంది అని అడిగాడు. మా మంచం మీద నా పక్కన పడుకుని పాట పాడించుకుంటుంది అని నూకాలమ్మ చెప్పింది. మంచం హాజరుపరచలేదేం అన్నాడు సుధాంశు.

"ఏటి బావూ, మంచం కూడా కావాలేటి? ముందే సెప్పుంటే కొత్త నులక అల్లించి తెద్దుం కదా!" అంది నూకాలమ్మ.

మంచం వచ్చింది. నూకాలమ్మ సమావేశ మందిరంలో దాని మీద కాళ్లు చాపుకుని కూర్చుని, అధ్యక్షుల వారి ఏసీ బాగుందని మెచ్చుకుంది. ధాత్రి ఆవిడ పక్కన ముడుచుకుని పడుకుంది. పాట మొదలైంది. పాట సగంలో పరంజ్యోతి గారికి కునుకు పట్టింది. సుధాంశు మాత్రం మెలకువగా ఉండి, ఈ పాప రోజులో ఎక్కువసేపు ఎక్కడ గడుపుతుంది అని అడిగాడు.

"మర దగ్గరండి" అన్నాడు అప్పలకొండ. ఆయన అంతవరకు మాట్లాడలేదు. ఆ ఒక్క మాటా మాట్లాడకపోయినా బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

పిండిమరను ఊడదీయడం తేలిక కాదు. మోటారు, బెల్టు, రాళ్లు, పైన గింజలు పోసే గరాటు, అన్నీ ట్రాలీ ఆటో మీద గోడ చుట్టూ తిప్పి తీసుకొచ్చి, సమావేశ మందిరంలో బిగించారు. దానికి కావలసిన కరెంటు కోసం కేంద్రం వారు ఎంతో వేగంగా లైను వేయించారు. కేంద్రం పెట్టిన నాటి నుంచి మరుగుదొడ్డిలో బల్బుకు కరెంటు లేదు. కాని సర్క్యులర్‌లో మరుగుదొడ్డి ప్రస్తావన రాలేదు కాబట్టి దాన్నెవరూ తప్పు పట్టలేరు.

మర ఉంటే సరిపోతుందా? తిరగాలి. తిరగాలంటే గింజలు కావాలి, గింజలు తెచ్చేవాళ్లు కావాలి. వాళ్లూ పరిసరాలే కదా. వీధిలో ఆడవాళ్లంతా బియ్యం, రాగులు, మినుములు డబ్బాల్లోకి ఎత్తుకుని కేంద్రం మెట్లెక్కారు. వరండాలో వరుసగా కూర్చుని కబుర్లు చెప్పుకున్నారు. ఆ కబుర్లు కూడా పరిశీలనలో భాగమేనని సుధాంశు తీర్మానించాడు. ఎవరి కోడలు ఎవరితో ఏమందో అన్నీ ట్యాబులోకి ఎక్కాయి. ఆఫీసువాళ్లు మాత్రం తీసిపోయారా? మొదట టైపిస్టు రాగులు తెచ్చుకుంది. తర్వాత పరంజ్యోతి గారు ఇంట్లో వాళ్లు చెప్పారని మొహమాటపడుతూ అట్లకి బియ్యం తెచ్చారు. చివరికి అధ్యక్షుల వారి ఇంటినుంచి, మంజూరైన వాహనంలోనే, ఎండుమిరపకాయల బస్తా దిగింది.

ఆ మధ్యాహ్నం కేంద్రంలో కారం పట్టారు. అధ్యక్షుల వారు తుమ్ముతూ ఒక సంతకం పెట్టారు. అది ఇంకో ఫైలు మీద పడింది. పరంజ్యోతి గారు కళ్లు తుడుచుకుంటుంటే, పిల్ల కష్టానికి ఈయన మనసు కరిగిందేమోనని నూకాలమ్మ ఓదార్చింది.

ఈ గోలంతటి మధ్యా సంతోషంగా ఉన్నది ధాత్రి ఒక్కతే. ఆకుపచ్చ మీట నొక్కి మరను లేపేది తనే. మర రొద మొదలవగానే దాని పక్కన గోడకి వీపు ఆనించి కూర్చుని, గోడలోంచి వచ్చే అదురు వీపుతో వింటూ, లెక్కల పుస్తకం చేసుకునేది. కస్తూరి తూకం చూస్తూ మధ్యమధ్య కూతురివైపు చూసుకునేది. ఇదిగో, నా కూతురు ఇలగ ఉంటాది, ఇప్పుడైనా చూశారు కదా అని ఆవిడ గుండె నిండిపోయేది. తనని వాళ్లు ఎన్ని తిప్పలు పెట్టినా ఆ క్షణాన ఆవిడకి వాళ్ల మీద కోపం రాలేదు.

అప్పుడు సుధాంశు ట్యాబు మూసి లేచి నిలబడ్డాడు.

"సార్, పరిశీలన పూర్తయింది. సదరు బాలిక అత్యధిక ధ్వని గల యంత్రం చెంతన ప్రశాంతంగా ఉంటున్నది. మీదుమిక్కిలి, స్వయంగా ఆ ధ్వనిని ప్రారంభిస్తున్నది. కావున బాలికకు ధ్వని విషయమై ఏ ఇబ్బందీ లేదని నిర్ధారణ."

"అద్భుతం! పరిసరాలతో కలిపి చూస్తే సత్యం ఎంత చక్కగా బయటపడిందో చూశారా!" అన్నారు అధ్యక్షులు. "గంట విషయంలో ఏ సడలింపూ అవసరం లేదని రాసెయ్యండి."

కస్తూరి చేతిలో తూకం గిన్నె కిందపడింది. ఇంత మోసుకొచ్చి, ఇంత బిగించి, ఉన్న దారి కూడా మూసేసుకున్నానా అనిపించింది. ఏడుపొచ్చింది. కాని ఆవిడ ఏడ్చే రకం కాదు.

"అలగెలా రాస్తారండీ? మర చెప్పి మోగుతాదండి. గుంటే మీట నొక్కుతాది, వస్తాదని దానికి తెలుసు. బెల్లు అలగ కాదు కదా. ఎప్పుడు మీద పడుతుందో తెలీదు. దానికి చప్పుడు కాదండీ భయం, చెప్పకుండా రావడం భయం."

"నీ అభిప్రాయం నీ దగ్గరే ఉంచుకోమ్మా. మేం చూసిందే రాయగలం. మా ఎదుట గంట లేదు" అన్నాడు సుధాంశు.

కస్తూరి మొహం నెమ్మదిగా విచ్చుకుంది.

"బాబూ, నాకు తెలీక అడుగుతాను. బడి మా గుంట పరిసరం కాదేటండి?"

విశ్వంభరరావు గారు సర్క్యులర్ తెప్పించుకుని మళ్లీ చదివారు. ఎంత వెతికినా బడి పరిసరం కాదనే మాట అందులో లేదు. "బడిని కూడా హాజరుపరచవలెను" అన్నారు ఆయన నీరసంగా.

బడి వచ్చింది. బడి రావడమంటే మరీ మొత్తం కాదు, ధాత్రి తరగతి మాత్రం. బెంచీలు రెండు ఆటోల్లో, సెలవుల్లో ఉన్న పిల్లలు ఇంకో ఆటోలో, నల్లబల్ల సువర్చల గారి ఒళ్లో. పిల్లలు మరను, మంచాన్ని, కారం మరకల్ని చూసి ఇదే బాగుంది, రోజూ ఇక్కడికే వద్దాం అన్నారు. గంట మాత్రం సువర్చల గారు స్వయంగా, తువ్వాలులో చుట్టి, జాగ్రత్తగా తెచ్చారు. బళ్లో అది తరగతి ముందుగోడకి, టీచరు కుర్చీ పైన ఉంటుంది. ఇక్కడ ముందుగోడ దగ్గర ఉన్న కుర్చీ అధ్యక్షులది. పరిసరాలు మార్చడానికి ఎవరికీ అధికారం లేదు కాబట్టి గంటను ఆ కుర్చీ పైనే బిగించారు.

బిగిస్తున్నప్పుడే ధాత్రి దాన్ని చూసింది. పుస్తకం మూసింది. రెండు చేతులూ చెవుల మీదికి వెళ్లాయి. ఇంకా మోగలేదు, అప్పుడే ఎందుకు అని పరంజ్యోతి గారు నవ్వారు. అదేనండీ గొడవ అని కస్తూరి అంది. ఎవరూ వినలేదు. సువర్చల గారు బళ్లో చేసినట్టే, ఎవరికీ చెప్పకుండా, వాచీ చూసుకుని స్విచ్ నొక్కారు.

అది గదిలో మోగే గంట కాదు, ఊరికి మోగే గంట. విశ్వంభరరావు గారు కుర్చీలోంచి లేవలేదు, ఎగిరారు. టీ కప్పు సర్క్యులర్ మీద బోర్లాపడింది. సుధాంశు ట్యాబు వదిలేసి మంచం కిందికి దూరాడు. అక్కడ ముందే నూకాలమ్మ ఉంది. పరంజ్యోతి గారు ఒకసారి తలుపు దాకా పరిగెత్తి, తాను సూపరింటెండెంట్‌నని గుర్తొచ్చి ఆగిపోయారు. ధాత్రి ఆగలేదు. తలుపు దాటి, వరండా దాటి పోతున్న పిల్లని కస్తూరి మెట్ల దగ్గర అందుకుని గట్టిగా పొదువుకుంది. పిల్ల వణుకుతోంది. కస్తూరి, పోయిందమ్మా, ఆగిపోయింది, ఆగిపోయింది అని చెవిలో చెబుతూ అక్కడే కూలబడింది.

లోపలనుంచి అధ్యక్షుల వారి కేక వినపడింది.

"ఎవరయ్యా అది! చెప్పాపెట్టకుండా మోగించడమేనా? మనిషిని చంపేస్తారా? ఇకమీదట నాకు ముందు ఒక మాట చెప్పకుండా ఈ గంట ఎవరైనా ముట్టుకుంటే ఊరుకోను! ఇది ఆర్డరు!"

"చిత్తం" అంది ఆఫీసు.

కస్తూరి కూతుర్ని ఎత్తుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడింది. కళ్లలో నీళ్లున్నాయి, పెదాల మీద నవ్వు కూడా ఉంది. "మీకు ఆర్డరు ఎంత వేగం అయిపోనాది బాబూ! మీ ఇంటి మంచం కూడా తేకుండానే" అంది.

విశ్వంభరరావు గారికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆయన చేత్తో గుండె రాసుకోవడం మానేశారు. మంచం కిందనుంచి సుధాంశు బయటకొచ్చి, బట్టలు దులుపుకుని, పరిస్థితిని చక్కదిద్దబోయాడు.

"సార్, మీ సంగతి వేరు, బాలిక సంగతి వేరు. ఇలాంటి బిడ్డలకు ఎదుటివారి స్థితి పట్ల స్పృహ ఉండదు. అందువల్ల..."

"నువ్వుండవయ్యా" అన్నారు అధ్యక్షులు. తర్వాత కస్తూరితో, మొట్టమొదటిసారి మామూలు మనిషిలా అడిగారు. "ఇప్పుడేం చేద్దామంటావమ్మా?"

"ఈసారి స్విచ్చు మా గుంటకివ్వండి బాబూ."

సువర్చల గారు స్విచ్ దగ్గర నుంచి పక్కకి జరిగారు. ధాత్రి అమ్మ చంక దిగి, నెమ్మదిగా గోడ దగ్గరికి వెళ్లింది. గంటను కాసేపు చూసింది. స్విచ్ మీద వేలు పెట్టింది. కాని నొక్కలేదు. వెనక్కి తిరిగి గదిలో ఉన్నవాళ్లందరి చేతుల్నీ చూసింది. కొన్ని చేతులు ఒళ్లో ఉన్నాయి, కొన్ని బల్ల మీద ఉన్నాయి.

"చెవులు" అంది.

ఎవరూ కదలలేదు.

"చెవులు మూసుకోండి. మోగుతాది" అంది ధాత్రి, గట్టిగా.

పిల్లలు ముందు మూసుకున్నారు. నూకాలమ్మ మంచం కిందనుంచే మూసుకుంది. సువర్చల గారు మూసుకున్నారు, ఆవిడ కళ్లు చెమ్మగిల్లాయి. బళ్లో గంట వచ్చిననాటి నుంచి తను నొక్కుతున్న స్విచ్ అది, ఒక్కరికీ ఒక్కసారీ ఆ మాట చెప్పలేదు. కస్తూరి మాత్రం మూసుకోలేదు. కూతురి గొంతు ఇంకా వినాలని ఉంది ఆవిడకి. ధాత్రి ఊరుకోలేదు. "అమ్మా, నువ్వూ" అంది. కస్తూరి మూసుకుంది. చివరికి అధ్యక్షుల వారి చేతులు మాత్రమే మిగిలాయి. పిల్ల వాటినే చూస్తూ నిలబడింది. ఆయన వాటిని పైకెత్తి చెవుల మీద పెట్టుకునేదాకా ఆగింది.

అప్పుడు నొక్కింది. గంట ఊరంతా మోగింది. ధాత్రి మొహంలో భయం లేదు, పని చేస్తున్న మనిషి మొహంలా ఉంది. వేలు తీసేసింది.

"ముందు బెంచీ స్విచ్ పక్కనే వేయిస్తానమ్మా. బడి తెరిచిన రోజు కాస్త పెందలాడే పంపు" అన్నారు సువర్చల గారు. కాగితం సంగతి ఆవిడ ఎత్తలేదు. కస్తూరీ ఎత్తలేదు.

సుధాంశు ట్యాబు వెతుక్కుని, అధ్యక్షుల వారి దగ్గరికి వచ్చి, నివేదికలో ఇప్పుడేమని రాయమంటారు సార్ అని రెండుసార్లు అడిగాడు. ఆయనకి వినపడలేదు. ఇంకా చెవులు మూసుకునే ఉన్నారు. ఆయన చూపంతా గోడ దగ్గర నిలబడ్డ ఎనిమిదేళ్ల పిల్ల మీదే ఉంది.

"అయిపోయిందా తల్లీ? తియ్యమంటావా?" అని అడిగారు విశ్వంభరరావు గారు.